రెండో పేరు

కోహ్కా వీధి మొదట్లో స్కూటీ ఆపుకుని, హెల్మెట్టు కూడా తీయకుండా ఎండలో కూర్చుండిపోయిన అరుణకుమారిని పోయిన వారం మనం అక్కడే వదిలేసి వచ్చాం. ఆమె వెళ్ళాల్సిన ఇల్లు ఎదురుగానే ఉంది. ఒకప్పుడు ఆ ఇంటి వంటగదిలో ఏ డబ్బాలో ఏముందో ఆమెకి తెలిసేది. ఆరేళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదు.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీల మధ్య అరుణకి ఒక చిన్న షెడ్డు ఉంది. కొలిమి దగ్గరా వెల్డింగు దగ్గరా పనిచేసేవాళ్ళు వేసుకునే మోటు తోలు గ్లౌజులు అక్కడ కుడతారు. కోసేదీ ఆడవాళ్ళే, కుట్టేదీ ఆడవాళ్ళే. షెడ్డుకి ఏ లోటూ లేదు. లోటంతా దాని యజమానురాలి సొంత ఖర్చులో ఉంది. నాలుగు క్రెడిట్ కార్డుల మీద ఆమె చేసిన బాకీ, షెడ్డు ఏడాదంతా కష్టపడి మిగిల్చేదాన్ని దాటిపోయింది. మంగళవారం నాడు ఉక్కు ప్లాంటు కాంట్రాక్టరు పంపిన డబ్బు షెడ్డు ఖాతాలో పడీ పడగానే బ్యాంకువాళ్ళు దాన్ని కదలకుండా పట్టేశారు. ఆ నాలుగు కార్డుల్లో ఒకటి ఆ బ్యాంకుదే మరి. శనివారం జీతాలియ్యాలి.

ఆ పొద్దున ఆమె నెహ్రూ నగర్లో తన ఆడిటరు లక్ష్మీప్రసన్న దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి వయసులో అరుణ కంటే చిన్నది, మాటలో మొహమాటం లేనిది.

"షెడ్డు వేరు, మీరు వేరు అని మీరనుకుంటున్నారు మేడమ్. కాగితాల్లో ఉన్నది మీ ఒక్కరి పేరే. చట్టం లెక్కలో ఆ షెడ్డంటే మీరే. మీ బాకీ కింద మీ మెళ్ళో గొలుసు ఎలా పోతుందో, ఆ కుట్టు మిషన్లూ అలాగే పోతాయి."

అత్తగారు అప్పయమ్మ పేరున, పాత తేదీ వేసి మిషన్లు రాసిచ్చేస్తే? అని అరుణ అడిగింది. లక్ష్మీప్రసన్న చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"ఆ పని నా చేత చేయించకండి. కోర్టులో అది నిలవదు. పైగా ఇవాళ అప్పులున్న మనిషి రేపు మోసం చేసిన మనిషి అవుతారు. నిజమైన మనిషిని, నిజమైన డబ్బుతో తీసుకురండి. సరైన ధర కట్టి షెడ్డుని కొత్త సంస్థకి అమ్మండి. ఆ డబ్బు నేరుగా బ్యాంకులకే కట్టండి. మిగిలినదానికి వాళ్ళ ఎదురుగా కూర్చుని వాయిదాలు మాట్లాడదాం. పార్ట్‌నర్‌షిప్ అయ్యాక ఒక పార్ట్‌నరు సొంత అప్పుకి సంస్థ మిషన్లని పట్టుకుపోలేరు."

నిజమైన మనిషి, నిజమైన డబ్బు. రెండూ కలిసి ఉన్న చోటు అరుణకి తెలిసినంతలో ఒక్కటే. అందుకే ఈ వీధిలో ఆగింది. ఆగింది కానీ లోపలికి వెళ్ళలేకపోతోంది.

చివరికి స్కూటీని నడిపించుకుంటూ గేటు దాకా వెళ్ళింది.

వాకిట్లో గోపాలం కూలరు విప్పుకుని కూర్చున్నాడు. ఎండిపోయిన గడ్డి తడికలు పీకి కొత్తవి బిగిస్తున్నాడు. ప్లాంటులో రోలింగు మిల్లులో పనిచేసి కిందటేడు రిటైరైన మనిషి. గేటు చప్పుడుకి తలెత్తి చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"హెల్మెట్టు తియ్యమ్మా. లేపోతే కొరియరోడనుకుంటాది మీ అక్క" అన్నాడు. నవ్వలేదు కానీ, గేటు గడియ మాత్రం తనే వచ్చి తీశాడు.

ముందు గదిలో ఆయన భార్య మణిమాల మిషను మీద ఉంది. బడులు తెరిచే రోజులు దగ్గరికొస్తున్నాయి. నేలంతా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ. ఒళ్ళో సగం కుట్టిన స్కూలు చొక్కా. మణిమాల తలెత్తి ఒక్కసారి అరుణని చూసింది, మళ్ళీ దించుకుంది. ఆ కుట్టు చివరిదాకా పూర్తి చేసి, దారం తెంపి, చొక్కా మడిచి పక్కన పెట్టింది. పని మధ్యలో వదలడం ఆమెకి ఏనాడూ అలవాటు లేదు.

"కూకో" అంది.

అరుణ కూర్చుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ముందు బావగారి ఆరోగ్యం అడగాలి, తర్వాత వాళ్ళ కొడుకు ఉద్యోగం సంగతి అడగాలి, ఆ తర్వాత మెల్లగా షెడ్డు దగ్గరికి రావాలి. తీరా నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"షెడ్డు పోయీలా ఉంది మణక్కా."

"తెలుసు."

"ఎవరు చెప్పారు? ఛాయా?"

ఛాయ షెడ్డులో తోలు కోసేవాళ్ళందరికీ పెద్ద. ఈ ఊరి పిల్లే, ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో భాష సరిగా రాని రోజుల్లో వీళ్ళిద్దరి దగ్గరా చేరింది.

"ఛాయ ఎందుకు చెప్తాది? దాని నోట్లోంచి మాట రాదని నీకు తెలీదేటి? నీ బేంకోళ్ళే చెప్పేరు నాకు."

అరుణకి అర్థం కాలేదు.

"నీ మొదటి కార్డు తీసుకున్నప్పుడు, మనిద్దరం కలిసే ఉన్నాం కదే అప్పటికి. ఫారంలో తెలిసినోళ్ళ నెంబరొకటి రాయమన్నారట. నా నెంబరు రాసినావు. దసరా వెళ్ళిన దగ్గర్నించీ వాళ్ళు నాకే చేస్తన్నారు ఫోన్లు. ఆవిడ ఎత్తట్లేదు, మీరు చెప్పండి, ఆవిడ ఎక్కడుందో చెప్పండి అని. మొదట మర్యాదగానే మాట్లాడీవోళ్ళు. తరవాత తరవాత ఏటేటో అనడం మొదలెట్టేరు. ఒకడు ఇంటికే వచ్చీసినాడు. మీ బావ గేటు కాడే నిలబెట్టి మాట్లాడి పంపించీసేరు."

 ఆ ఫారం అరుణకి గుర్తే లేదు. మాల్‌లో మెట్ల పక్కన బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు గుర్తున్నాడు. కార్డు తీసుకుంటే ఇస్తామన్న ప్రయాణపు సంచీ గుర్తుంది. మణిమాల నెంబరు చూడకుండా రాసింది. అప్పట్లో తన నెంబరు తర్వాత ఆమెకి నోటికొచ్చిన నెంబరు అదొక్కటే.

"ఇన్ని నెలలా? నాకొక్క మాట చెప్పలేదేం మణక్కా?"

 మణిమాల కుర్చీకి అంటుకున్న దారప్పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంది.

"నిజం చెప్పమంటావా? మొదటి సారి ఫోనొచ్చినప్పుడు నాకు బాగానే అనిపించినాది. తగిన శాస్తి జరిగినాది అనుకున్నాను. రెండు రోజులు అలాగే సంబరంగా తిరిగేను కూడా. తరవాత భయమేసినాది. ఛాయ ఉంది, మిగతా పిల్లలున్నారు, వాళ్ళంతా ఏటైపోతారు అని. అప్పుడైనా చెప్పాల్సింది. కానీ నీ గుమ్మం నేనెందుకు తొక్కాలీ అని రోషం."

బయట గోపాలం కూలరు రెక్కని తిప్పి చూస్తున్నాడు. ఆ గరగర కాసేపు వినబడింది.

వాళ్ళిద్దరి సంగతీ ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఇద్దరి తండ్రులూ విజయనగరం వైపు పల్లెల నుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్ళే. ఒకే వరస క్వార్టర్లలో పెరిగారు. పెళ్ళిళ్ళయ్యాక ఈ కోహ్కా ఇంటి వరండాలో రెండు పాత మిషన్లు వేసుకుని గ్లౌజులు కుట్టడం మొదలుపెట్టారు. తోలు ఎటు లాగితే ఎటు సాగుతుందో మణిమాలకి తెలుసు. ఎవరి దగ్గర ఏం మాట్లాడితే ఆర్డరు చేతికొస్తుందో అరుణకి తెలుసు. రిజిస్ట్రేషన్ కాగితాలు రాసే రోజున, ఒక్క పేరైతే పని తొందరగా అవుతుందని గుమాస్తా ఎవరో అన్నాడు. అరుణ పేరు పెట్టారు. రెండో పేరు తర్వాత చేర్చుకోవచ్చులే అనుకున్నారు.

ఆ 'తర్వాత' అన్నది ఎప్పటికీ రాలేదు. హథ్‌ఖోజ్‌లో షెడ్డు తీసుకుంటున్నప్పుడు మణిమాల అడిగింది. అప్పటికి అరుణ మారిపోయి ఉంది. కాంట్రాక్టర్ల భార్యలతో పరిచయాలు, నెహ్రూ నగర్లో అద్దె ఇల్లు, పుట్టినరోజులకి హోటలు హాళ్ళు. కంపెనీ ఓనరు అని ఎవరైనా పరిచయం చేస్తే ఆమెకి లోపల ఏదో వెచ్చగా ఉండేది. ఆ మాటని ఇంకొకరితో పంచుకోవడం ఇష్టం లేకపోయింది. "కుట్టింది నువ్వే కావచ్చు మణక్కా, తెచ్చింది నేను" అంది, అందరూ వింటుండగా. వారం తర్వాత ఒక కవరులో డబ్బు పెట్టి చేతికిచ్చింది. మణిమాల ఆ కవరు విప్పి చూడలేదు. ఛాయ చేతిలో పెట్టేసి, తన కత్తెర మాత్రం సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వెచ్చదనాన్ని నిలబెట్టుకోవడానికే కార్డులు వచ్చాయి. ఒకటి ఫ్రిజ్జుకి, ఒకటి గోవా ప్రయాణానికి, ఒకటి బంధువుల పెళ్ళిలో మాట పడకుండా ఉండడానికి. నెలనెలా కనీసం ఇంత కడితే చాలని కాగితం మీద ఉండేది. ఆమె అంతే కట్టేది. అది చాలకపోతే ఒక కార్డు గీకి ఇంకోదానికి కట్టేది. భర్త రాజగోపాల్ రైల్వేలో గూడ్సు బండి గార్డు. డ్యూటీ నుంచి వచ్చి పడుకుని, లేచి మళ్ళీ డ్యూటీకి పోయే మనిషి. ఇంటి లెక్కలన్నీ ఆమెకే వదిలేశాడు. ఆయనకి ఇవేవీ తెలియవు.

"రాజగోపాల్‌కి చెప్పినావా?" అని మణిమాల అడిగింది, సరిగ్గా అదే.

"లేదు."

"ఎప్పుడు చెప్తావు?"

"నువ్వు ఔనంటే చెప్తాను మణక్కా. ఒక దారి చూపించి చెప్తే వేరు. ఊరికే మునిగిపోయాం అని ఎలా చెప్పను?"

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు కాబట్టి అరుణ అంతా చెప్పేసింది. లక్ష్మీప్రసన్న మాటలు, పట్టేసిన ఖాతా, శనివారం జీతాలు. సగం సగం పెట్టుకుని కొత్త సంస్థ రాయించుకుందామని అడిగింది. మణిమాల పెట్టే డబ్బు అంతా ముందు బ్యాంకులకే పోతుందని కూడా దాచకుండా చెప్పింది.

గోపాలం లోపలికి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చేతులకి గడ్డి పొట్టు అంటుకుని ఉంది.

"నా రిటైర్మెంటు డబ్బు అని కాదమ్మా నేనడిగీది. మణి అడిగితే నేను కాదనను. ఒకటే మాట. రేపు మళ్ళీ ఇంకో కార్డు తీసుకోవని ఏటి గేరంటీ?"

అరుణ ఆలోచించింది. తియ్యటి మాటలు ఆమెకి కొత్త కాదు. ఇలాంటి ప్రశ్నలకి ఎదుటివాళ్ళ మనసు కరిగేలా ఎలా చెప్పాలో ఆమెకి బాగా తెలుసు. ఎందుకో ఆ రోజు అవి నోటికి రాలేదు.

"గేరంటీ ఏమీ లేదు బావగారూ" అంది.

గోపాలం తలూపాడు. ఆ జవాబు ఆయనకి నచ్చినట్టే ఉంది.

మణిమాల వేలికి చుట్టుకున్న దారం విప్పేసింది. తర్వాత అంది: "సగం వద్దే. అంతా నాకే అమ్మీ."

"అంతా అంటే?"

"షెడ్డు, మిషన్లు, పేరు, అన్నీ. నీ ఆడిటరమ్మ ధర కట్టనీ, ఒక్క రూపాయి తగ్గించను. నేనూ ఛాయా పార్ట్‌నర్లం. దాని దగ్గర డబ్బు లేకపోయినా పరవాలేదు, దాని చెయ్యి ఉంది. నువ్వు పనికి రా. ఆర్డర్లు తే. జీతం తీసుకో. నీ పేరు మాత్రం కాగితం మీద ఉండకూడదు."

 షెడ్డు గేటు మీద పెయింటుతో రాయించిన తన పేరు అరుణ కళ్ళ ముందు కదిలింది.

"నన్ను సాధిస్తున్నావా మణక్కా?"

"సాధించాలంటే ఇంట్లో కూకుని చూస్తూ ఉంటే సరిపోను కదేటే. శనివారం జీతాలు లేక ఆ పిల్లలు నీ మీద పడిపోదురు. నేను ఒక్క మాట ఆడక్కర్లేకపోను." మణిమాల గొంతు పెంచలేదు. "సగం నీదైతే, మిషన్లు పట్టుకెళ్ళలేడు సరే, నీ సగం లాభానికి బేంకోడు వచ్చి కూకుంటాడు కాదేటి? నెలనెలా మాకు కోర్టు కాగితాలొస్తాయి. కాంట్రాక్టరు భయపడి ఆర్డరు మానీస్తాడు. నీ అప్పు సాఫ్ అయిపోనీ. అప్పుడు రా. నీ పేరు నేనే రాయిస్తాను."

"రాయిస్తావని ఏమిటి నమ్మకం?"

ఆ మాట అరుణ అనుకోకుండానే వచ్చేసింది. వచ్చాక గదిలో అందరూ దాన్ని విన్నారు. ఇదే ప్రశ్న, ఇదే పదాలతో, రిజిస్ట్రేషన్ కాగితాలు రాసిన రోజున మణిమాల అడిగింది. అప్పుడు అరుణ నవ్వుతూ ఇచ్చిన జవాబు ఇద్దరికీ గుర్తుంది. నా మాట చాలదా మణక్కా, అంది ఆనాడు.

ఇప్పుడా జవాబు తనకి తిరిగొస్తుందని అరుణ తల వంచుకుని కూర్చుంది. ఆ దెబ్బ తినడానికి సిద్ధంగానే ఉంది. ఒక రకంగా అది పడితే బాగుండనిపించింది.

మణిమాల ఆ మాట అనలేదు.

"నా మాట చాల్దు" అంది. "మాట చాలదని నాకు తెలుసు కదే. నీ బాకీ తీరిన రోజున నిన్ను మూడో పార్ట్‌నరుగా చేర్చుకోవాలని ఇప్పుడే రాయిద్దాం. మీ ఆడిటరమ్మనే రాయమను. నేనూ ఛాయా సంతకం పెడతాం. ఆ రోజున నేను బతికున్నా లేకపోయినా నీకది పనికిరావాలి."

అరుణ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపు ఆపుకోవడానికి కాదు. ఆ మనిషి కళ్ళలోకి చూడలేక. కాగితం మీద రెండో పేరు రాయించడం ఎంతసేపటి పని? ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం తను కేటాయించి ఉంటే ఈ రోజున బ్యాంకు ఎన్ని ఫోన్లు చేసినా షెడ్డు మిషన్ల జోలికి రాగలిగేది కాదు. ఎవరినైతే బయటికి నెట్టిందో ఆ మనిషి పేరే ఆ షెడ్డుకి కాపలా అయి ఉండేది. అంతకంటే ముఖ్యం, ఈ ఇంట్లో ఈ కుర్చీలో ఆమె ఇలా అంచున కూర్చోవలసి వచ్చేది కాదు.

"తప్పయిపోయింది మణక్కా" అంది. చిన్న మాట. ఆరేళ్ళుగా లోపల ఎంత పెద్దదిగా ఉందో, బయటికి వచ్చాక అంత చిన్నదైపోయింది.

"అయిపోనాది కదా. ఛోడో, ఇంక వదిలీ." మణిమాల లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "రేపు పొద్దున్నే ఆడిటరమ్మ కాడికెళ్దాం. ఈ వారం జీతాలు నేనిస్తాను. అది ధరలో కలిపీకు, ఆ పిల్లలకి నేనూ బాకీయే. ఆ రోజు ఒక్కరికీ చెప్పకుండా వచ్చీసేను."

నీళ్ళు తాగాక అరుణకి కొంచెం ఊపిరి ఆడింది. చాలా రోజుల తర్వాత ఆమెకి రేపు అన్నది ఒకటి కనబడింది. పేరు లేకపోతే లేకపోయింది, షెడ్డు ఉంటుంది. ఛాయ కత్తెర ఆగదు. జీతం తీసుకుని, ఉన్నంతలో బతికి, అప్పు తీర్చుకోవచ్చు. ఇంటికెళ్ళగానే రాజగోపాల్‌కి చెప్పేయాలి. చెప్పగలననిపించింది.

"నెహ్రూ నగర్ ఇల్లు కూడా వదిలేస్తాం" అంది. "ఎన్ని వెధవ పనులు చేసినా ఒక్కటి మాత్రం చేశాను మణక్కా. పిల్ల చదువు దగ్గర తేడా రానివ్వలేదు. నీలిమకి ఈ సంగతుల సెగ కూడా తగలనివ్వలేదు. జనవరిలో ఈ ఫోన్ల గొడవ మధ్యలో కూడా కాలేజీ ఫీజు లేటు కాకుండా దాని చేతికిచ్చాను."

"కార్డు మీంచి తీసినావా?"

"అవును. కానీ ఇచ్చాను కదా."

గోపాలం, మణిమాల ఒకరినొకరు చూసుకున్నారు. గోపాలం మళ్ళీ వాకిట్లోకి వెళ్ళిపోయాడు. కానీ కూలరు పని మొదలుపెట్టిన చప్పుడు రాలేదు.

మణిమాల వచ్చి అరుణ పక్కన నేల మీద, ఆ గుడ్డముక్కల మధ్యే కూర్చుంది.

"ఆ పిల్లకి మాటిచ్చేను" అంది. "ఇచ్చి తప్పు చేసేను. ఇంకా దాస్తే ఇంకా తప్పు."

"ఏ పిల్లకి?"

"నీలిమ వచ్చినాది ఇక్కడికి. జనవరిలోనే. దాని నెంబరు కూడా ఏదో కార్డుకి ఇచ్చినావంట. మీ మమ్మీ ఎత్తట్లేదు, నువ్వైనా కట్టు అని దానికి చేసేరు. కాలేజీ క్యాంటీన్లో ఉండగా చేసేరంట, పక్కన అందరూ వినేలాగ అరిచేరంట. వాళ్ళే చెప్పేరట నా నెంబరు కూడా ఉందని. ఆంటీ, ఎంత కడితే వీళ్ళు మమ్మీ మీద అరవడం మానేస్తారు అని అడిగినాది నన్ను. నేనేటి చెప్పను?"

అరుణ నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది.

"నువ్వు ఇచ్చిన ఫీజు కాలేజీకి కట్టలేదే అది. ఆ కార్డుకి కట్టీసినాది."

ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకువాళ్ళ ఫోన్లు తగ్గాయి. అరుణకి ఆ సంగతి గుర్తొచ్చింది. వాళ్ళు విసిగిపోయి వదిలేశారనుకుంది. తన అదృష్టమనుకుని సంతోషించింది కూడా. ఒక కార్డు నుంచి తీసిన డబ్బు పిల్ల చేతిలోంచి ఇంకో కార్డులోకి పోయింది. మధ్యలో పోయింది పిల్ల చదువు.

"మరి రోజూ... పొద్దున్నే బ్యాగు వేసుకుని రాయపూర్ బండి ఎక్కుతోంది కదా మణక్కా. నేనే స్టేషన్లో దింపుతున్నాను."

"రాయపూర్‌కే ఎల్తాది. కాలేజీకి కాదు. మాల్‌లో బట్టల షోరూంలో చేరినాది. నెలనెలా జీతం ఆ కార్డుకే కడతన్నాది. నేను తిట్టేను, బతిమాలేను. డబ్బు నేనిస్తాను, కాలేజీకెళ్ళు అన్నాను. వద్దన్నాది. మీకు అన్యాయం చేసి బాకీ పడ్డానని మమ్మీ పప్పాతో అంటూ ఉంటాది ఆంటీ, మళ్ళీ మీ దగ్గర తీసుకోను అన్నాది."

అరుణ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియలేదు. షెడ్డు చుట్టూ గోడ కట్టుకుందామని వచ్చింది. మిషన్లకీ తోలుకీ బల్లలకీ ఏమీ కాకుండా చూసుకుందామని పొద్దుట్నుంచీ తిరుగుతోంది. ఆ బాకీ నాలుగు నెలల కిందటే తన ఇంట్లోకి వచ్చి, తన పక్కనే కూర్చుని అన్నం తిని, పొద్దున్నే తనకి చెయ్యూపి బండెక్కి వెళ్ళిపోతోంది.

సంచీలోంచి ఫోను తీసింది. మణిమాల వద్దనలేదు.

రెండో రింగుకే నీలిమ ఎత్తింది.

"హా మమ్మీ. లైబ్రరీలో ఉన్నా. బాద్ మే కర్తీ హూ, మళ్ళీ చేస్తా."

ఆ గొంతులో అలవాటైన తొందర ఉంది. దాని వెనకాల పాట, జనం, హ్యాంగర్లు ఇనప కడ్డీ మీద జరుగుతున్న చప్పుడు. ఇన్నాళ్ళూ ఇవన్నీ వినబడుతూనే ఉండి ఉంటాయి. తను వినలేదు, అంతే.

"ఏం చదువుతున్నావు నీలూ?" అంది అరుణ.

అటు వైపు ఎవరో చొక్కా సైజు అడిగారు.

"నోట్సు మమ్మీ. ఎగ్జామ్ ఉంది కదా."

"నేను మణక్క ఇంట్లో ఉన్నాను."

 ఫోనులో పాట ఆగి ఇంకో పాట మొదలైంది.

"వస్తున్నాను నీలూ. ఇప్పుడే బండెక్కుతాను. కాలేజీకి కాదు. నువ్వున్న చోటికి."

"వద్దు" అంది నీలిమ. గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లదైపోయింది. "మమ్మీ, ప్లీజ్, ఇప్పుడు రావద్దు."

"ఎందుకే?"

"పప్పా ఇక్కడున్నారు. నా ఎదురుగానే. యూనిఫాంలోనే ఉన్నారు. ఫోన్ తనకిమ్మని చెయ్యి చాపుతున్నారు మమ్మీ. ఇవ్వనా?"